స్త్రీల ఎముకలు ఎందుకు త్వరగా గుల్లబారతాయి?



మా ఆసుపత్రికి వచ్చే పెద్ద వయసు తల్లులు చాలామంది "వయసైపోయిందమ్మా, నడుము వంగిపోయింది, ఇక ఇంతే" అంటుంటారు. గుమ్మంలో కాలు జారి చెయ్యి ఆనించగానే మణికట్టు విరిగిందని కొందరు వస్తారు. నీళ్ల బిందె ఎత్తగానే నడుము పట్టేసిందని ఇంకొందరు వస్తారు. ఇవన్నీ వయసుతో వచ్చే మామూలు సంగతులే అనుకోకూడదు. చాలాసార్లు వీటి వెనుక ఎముకలు గుల్లబారే జబ్బు ఉంటుంది. దీనినే డాక్టర్లు ఆస్టియోపోరోసిస్ అంటారు. ప్రపంచంలో 50 ఏళ్లు దాటిన స్త్రీలలో ముగ్గురిలో ఒకరికి, పురుషులలో ఐదుగురిలో ఒకరికి ఈ జబ్బు వల్ల ఎప్పుడో ఒకప్పుడు ఎముక విరుగుతుందని అంచనా. స్త్రీలకే ఇది ఎందుకు ఎక్కువ? అందులోనూ మన తెలుగు స్త్రీలు మరింత జాగ్రత్తగా ఎందుకు ఉండాలి? ఈ పాఠంలో తెలుసుకుందాం.

ఎముకకూ ప్రాణం ఉంది

ఎముకను మనం రాయిలాంటిది అనుకుంటాం. నిజానికి అది ప్రాణమున్న భాగం. కొన్ని కణాలు పాత ఎముకను తొలిచివేస్తుంటే, మరికొన్ని కణాలు ఆ చోట కొత్త ఎముకను కడుతూ ఉంటాయి. చిన్నతనంలో కట్టేది ఎక్కువ, తొలిచేది తక్కువ. 25 నుంచి 30 ఏళ్ల లోపల ఎముక నిండుగా తయారవుతుంది. తరువాత కొంతకాలానికి జమ తగ్గి ఖర్చు పెరుగుతుంది. ఖర్చు మరీ ఎక్కువైతే ఎముక చెదపట్టిన దూలంలా అవుతుంది. పైకి ఆకారం అలాగే ఉంటుంది, లోపల బలం ఉండదు.

ఇక్కడ ఒక సంగతి గమనించాలి. మోకాళ్ల నొప్పులు, కీళ్లు అరగడం వేరే జబ్బు. ఎముక గుల్లబారేటప్పుడు నొప్పి ఉండదు. విరిగిన తరువాతే తెలుస్తుంది. అందుకే నొప్పి లేదు కాబట్టి నాకేమీ లేదు అనుకోవద్దు.

స్త్రీలకే ఎందుకు ఎక్కువ?

1. మొదటి నుంచీ నిల్వ తక్కువ. స్త్రీల ఎముకలు పురుషుల ఎముకలకంటే చిన్నవి, సన్ననివి. దీనికి తోడు చాలా ఇళ్లలో పాలు, గుడ్డు ముందు మగపిల్లలకే పెడతారు. ఎముక గట్టిపడే వయసులో ఆడపిల్లకు దక్కనిది తరువాత పూర్తిగా భర్తీ కాదు.

2. బహిష్టులు ఆగిపోవడం. ఇదే అన్నిటికంటే పెద్ద కారణం. అండాశయాలు తయారుచేసే ఈస్ట్రోజెన్ అనే హార్మోను, ఎముకను తొలిచే కణాలను అదుపులో ఉంచుతుంది. బహిష్టులు ఆగేసరికి ఆ హార్మోను బాగా తగ్గిపోతుంది. కాపలా లేని చేలో పశువులు పడ్డట్టు ఆ కణాలు విజృంభిస్తాయి. మొదటి 5 నుంచి 7 సంవత్సరాలలోనే కొందరు ఎముక సాంద్రతలో 20 శాతం వరకు పోగొట్టుకుంటారు. పురుషులకు ఇలా ఒక్కసారిగా జరగదు. మన దేశంలో స్త్రీలకు బహిష్టులు సగటున 46, 47 ఏళ్లకే ఆగిపోతాయి. పాశ్చాత్య దేశాలలో ఇది సుమారు 51 ఏళ్లు.

3. ఆహారం, ఎండ చాలకపోవడం. తిరుపతి వైద్యులు 2007లో ప్రచురించిన అధ్యయనంలో, ఆరోగ్యంగా కనిపించే మన ప్రాంతపు ప్రజలలో కూడా ఆహారంలో క్యాల్షియం తక్కువగా, ఒంట్లో విటమిన్ డి లోపం ఎక్కువగా ఉన్నట్లు తేలింది. ఇంతగా ఎండ కాసే చోట కూడా ఇదే పరిస్థితి.

పిల్లలకు పాలివ్వడం వల్ల ఎముకలు పాడవుతాయని కొందరు భయపడతారు. పాలిచ్చే కాలంలో ఎముక కొంత తగ్గే మాట నిజమే కానీ, పాలు మాన్పించిన తరువాత అది మళ్లీ చేరుకుంటుంది. కాబట్టి బిడ్డకు పాలివ్వడం మానవద్దు. తల్లికి మంచి ఆహారం పెట్టండి.

గర్భసంచి ఆపరేషన్ అయినవారు తప్పక చదవండి

జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే 2015–16 ప్రకారం, 15 నుంచి 49 ఏళ్ల స్త్రీలలో గర్భసంచి తీయించుకున్నవారు దేశం మొత్తం మీద నూటికి ముగ్గురు. ఆంధ్రప్రదేశ్‌లో దాదాపు తొమ్మిది మంది, తెలంగాణలో దాదాపు ఎనిమిది మంది. దేశంలో ఇవే అన్నిటికంటే ఎక్కువ. వీరిలో చాలామందికి 40 ఏళ్లు రాకముందే ఆపరేషన్ అయింది.

గర్భసంచితో పాటు రెండు అండాశయాలు కూడా తీసేస్తే ఈస్ట్రోజెన్ ఆ రోజు నుంచే పడిపోతుంది. 32 ఏళ్ల స్త్రీ ఎముకలు 50 ఏళ్ల స్త్రీ ఎముకల దారి పడతాయి. అండాశయాలు ఉంచినా కొందరిలో అవి కొన్నేళ్లు ముందే పనిచేయడం మానేస్తాయి. బహిష్టు ఎలాగూ రాదు కాబట్టి ఆ సంగతి ఆమెకు తెలియదు.

అందుచేత ఆపరేషన్ అయినవారు డిశ్చార్జి కాగితం వెతికి తీసి డాక్టరుకు చూపించండి. "నా అండాశయాలు ఉంచారా, తీశారా?" అని అడగండి. చిన్న వయసులోనే తీసేసినవారికి, సహజంగా బహిష్టులు ఆగే వయసు వరకు హార్మోను మందులు ఇచ్చే వీలుంది. రొమ్ము క్యాన్సరు వచ్చినవారికి, రక్తం గడ్డకట్టే జబ్బు ఉన్నవారికి అవి పనికిరావు. కాబట్టి డాక్టరు చెప్పకుండా వాడకూడదు. ఆపరేషన్ చేయించుకున్నామని కుంగిపోవద్దు. ఈ రోజు నుంచి చేయగలిగింది చాలా ఉంది.

ఇక తెల్లబట్ట, ఎక్కువ రుతుస్రావం వంటి బాధలకు గర్భసంచి తీసేయాలని ఎవరైనా చెబితే, ఒప్పుకునే ముందు మరొక స్త్రీ వైద్య నిపుణురాలిని కలవండి. వీటిలో చాలావరకు మందులతో నయమవుతాయి.

ఎలా తెలుసుకోవాలి?

చిన్న దెబ్బకే ఎముక విరగడం, వయసులో ఉన్నప్పటికంటే ఎత్తు తగ్గడం, వీపు గూనిలా వంగడం ముఖ్యమైన గుర్తులు. ఖచ్చితంగా తెలియాలంటే డెక్సా అనే పరీక్ష చేయించాలి. అందులో టి స్కోరు మైనస్ 2.5 గానీ, అంతకంటే కిందికి గానీ ఉంటే ఎముకలు గుల్లబారినట్లే. ఉచిత క్యాంపులలో మడమకు చేసే పరీక్ష అనుమానాన్ని చెబుతుంది కానీ జబ్బును నిర్ధారించదు. రక్తపరీక్షలో క్యాల్షియం సరిపడా ఉన్నా ఎముకలు గుల్లబారి ఉండవచ్చు.

ఒళ్లు నొప్పులకని నెలల తరబడి పేరు తెలియని మాత్రలు, ఇంజెక్షన్లు తీసుకునేవారు జాగ్రత్త. వాటిలో స్టెరాయిడ్లు ఉంటే ఎముకలు ఇంకా త్వరగా పాడవుతాయి. అయితే ఎక్కువ కాలం వాడినవారు ఒక్కసారిగా మానకూడదు. ఆ మందులు తెచ్చి మాకు చూపించండి.

ఏమి తినాలి? ఏమి చేయాలి?

హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2020లో చెప్పిన ప్రకారం పెద్దలకు రోజుకు 1000 మిల్లీగ్రాములు, బహిష్టులు ఆగిన స్త్రీలకు 1200 మిల్లీగ్రాముల క్యాల్షియం కావాలి. ఇది మన వంటింట్లోనే దొరుకుతుంది:

• 100 గ్రాముల రాగిపిండితో సంకటి లేదా జావ – సుమారు 350
• రెండు గ్లాసుల పాలు లేదా పెరుగు – సుమారు 480
• 100 గ్రాముల తోటకూర లేదా మునగాకు – సుమారు 300
• 10 గ్రాముల నువ్వులు (నువ్వుల పొడి, నువ్వుండ) – సుమారు 130

ముల్లుతో సహా తినే చిన్న చేపలు కూడా మంచివే. ఊరగాయలు, ఉప్పు తగ్గించండి. ఉప్పు ఎక్కువైతే క్యాల్షియం మూత్రంలో పోతుంది. వేసవి వడగాడ్పుల రోజులు తప్ప, పొద్దెక్కిన తరువాత 15, 20 నిమిషాలు చేతులకు, ముఖానికి ఎండ తగలనివ్వండి. విటమిన్ డి పెద్ద డోసు మందులను డాక్టరు చెప్పినన్ని వారాలే వాడండి. రోజూ అరగంట నడవండి.

జబ్బు ఉన్నట్లు తేలితే మంచి మందులు ఉన్నాయి. వారానికొక మాత్ర ఇచ్చినట్లయితే దానిని పరగడుపున గ్లాసు నిండా మంచినీళ్లతో వేసుకుని, అరగంట వరకు పడుకోకుండా, ఏమీ తినకుండా ఉండాలి. క్యాల్షియం మాత్ర దానితో కలిపి వేసుకోకూడదు.

ఇంట్లో పడిపోకుండా చూసుకోవడమూ వైద్యమే. బాత్రూము నేల తడి లేకుండా ఉంచండి, గోడకు పట్టుకునే కమ్మీ పెట్టించండి, రాత్రిపూట దొడ్డివైపు లైటు వేయండి. కంటి శుక్లాలకు ఆపరేషన్ చేయించండి. తుంటి ఎముక విరిగినవారిలో చాలామంది మునుపటిలా సొంతంగా నడవలేరు.

సంఘానికి ఒక మాట

లూకా సువార్త 13వ అధ్యాయంలో 18 ఏళ్లుగా నడుము వంగిపోయిన ఒక స్త్రీ కనిపిస్తుంది. ఆమె బాధకు కారణం వేరు. అయితే సమాజమందిరంలో అంతమంది ఉండగా ప్రభువు ఆమెను చూశాడు, దగ్గరకు పిలిచాడు. మన మందిరంలో కూడా వెనుక వరుసలో నడుము వంగిన తల్లులు కూర్చుంటున్నారు. వారిని మనం చూస్తున్నామా? వారికి చాపకు బదులు కుర్చీ వేద్దాం. మెట్ల దగ్గర చెయ్యి అందిద్దాం. పరీక్షకు తోడు తీసుకొని వద్దాం. స్త్రీల కూడికలో ఈ పాఠం చదివి, చిన్న వయసులో గర్భసంచి ఆపరేషన్ అయిన సహోదరీలకు చెబుదాం. మన ఆడపిల్లలకు రేపటి నుంచే ఒక గ్లాసు పాలు పోద్దాం.

ప్రభువు మిమ్మును, మీ కుటుంబాలను ఆరోగ్యముతో కాపాడును గాక.