ఏ లెక్కకు ఏ బొమ్మ?

బాచుపల్లి హైదరాబాదుకు వాయవ్య దిక్కున ఉంది. ఒకప్పుడు చుట్టూ పొలాలు ఉన్న పల్లె. ఇప్పుడు ఎత్తయిన అపార్ట్‌మెంట్లు వచ్చాయి. బడులు, కాలేజీలు వచ్చాయి. 2016లో బాచుపల్లి మండలం అయింది. ఇక్కడ చాలామంది ఆడవాళ్ళు ఇళ్ళల్లో పనిచేస్తారు. కట్టడం పనులకు పోతారు. కూరగాయలు అమ్ముతారు. వాళ్ళ పిల్లలు బడికి పోతారు.

పిల్లల లెక్కల పుస్తకం ఒకసారి తెరిచి చూడండి. అందులో అంకెలే కాదు, బొమ్మలు కూడా ఉంటాయి. ఒక బొమ్మలో నిలువు కమ్మీలు ఉంటాయి. ఒక బొమ్మలో ఎక్కి దిగే గీత ఉంటుంది. ఇంకో బొమ్మలో ముక్కలు చేసిన రొట్టెలాంటి గుండ్రం ఉంటుంది. వీటిని గ్రాఫులు అంటారు.

ఇవి పిల్లలకే కాదు. పేపర్లో ఉంటాయి. టీవీలో ఉంటాయి. అంగన్‌వాడీలో మీ పాప బరువు రాసే కార్డులో కూడా ఉంటాయి. అంకెలు చదవడం మీకు వచ్చింది. ఇక అంకెల బొమ్మ చదవడం నేర్చుకోండి.

ముందు ప్రశ్న, తర్వాత బొమ్మ

కూర తరగడానికి కత్తిపీట కావాలి. బియ్యం చెరగడానికి చేట కావాలి. చేటతో కూర తరగలేం. గ్రాఫులూ అంతే. ఒక్కో లెక్కకు ఒక్కో బొమ్మ పనికొస్తుంది. బొమ్మ గీసే ముందు ఒక మాట అడగాలి. "ఈ లెక్కలో నాకు ఏం తెలియాలి?" జవాబును బట్టి బొమ్మను ఎంచుకోవాలి.

1. ఏది ఎక్కువ? ఏది తక్కువ?

దీనికి కమ్మీల బొమ్మ మంచిది. 2011 జనగణన లెక్క చూడండి. ఇప్పటి తెలంగాణ ప్రాంతంలో మగవాళ్ళలో నూటికి 75 మందికి చదువు వచ్చు. ఆడవాళ్ళలో నూటికి 58 మందికే వచ్చు.

గళ్ళ కాగితం తీసుకోండి. ఒక గడికి 10 మంది అనుకోండి. మగవాళ్ళ కమ్మీ ఏడున్నర గళ్ళు వస్తుంది. ఆడవాళ్ళ కమ్మీ ఆరు గళ్ళకు కొంచెం తక్కువ వస్తుంది. రెండు కమ్మీలు పక్కపక్కన నిలబడితే తేడా ఎంతో కంటికి కనబడుతుంది.

ఒక జాగ్రత్త. కమ్మీ ఎప్పుడూ సున్నా నుంచి మొదలు కావాలి. కొందరు 50 నుంచి మొదలుపెడతారు. అప్పుడు మగవాళ్ళ కమ్మీ రెండున్నర గళ్ళు అవుతుంది. ఆడవాళ్ళ కమ్మీకి ఒక్క గడి కూడా నిండదు. చూసేవాళ్ళు "మగవాళ్ళకు మూడు రెట్లు చదువు ఉంది" అనుకుంటారు. అంకెలు నిజమే. బొమ్మ మాత్రం మోసం చేసింది. అందుకే కమ్మీలు చూడగానే అడుగున ఏ అంకె ఉందో చూడండి.

2. మొత్తంలో ఎంత వాటా?

దీనికి గుండ్రం బొమ్మ మంచిది. ఒక ఇంటికి నెలకు 20,000 రూపాయలు వస్తాయి అనుకోండి. తిండికి 10,000 పోతుంది. అద్దెకు 5,000 పోతుంది. పిల్లల చదువు, మందులు, చీటీ అన్నీ కలిపి 5,000 పోతుంది.

ఒక జొన్నరొట్టె గీయండి. సగం రొట్టె తిండి. పావు రొట్టె అద్దె. ఇంకో పావు మిగతా ఖర్చులు. ముక్కలన్నీ కలిపితే ఒక్కటే రొట్టె కావాలి. ఎక్కువా కావద్దు, తక్కువా కావద్దు. ముక్కలు మరీ ఎక్కువైతే ఏది పెద్దదో తెలియదు. నాలుగైదు ముక్కల వరకే ఈ బొమ్మ బాగుంటుంది.

3. రోజులు గడిచేకొద్దీ పెరిగిందా, తగ్గిందా?

దీనికి గీత బొమ్మ మంచిది. మన దేశంలో నూటికి ఎంతమంది ఆడవాళ్ళకు చదువు వచ్చో చూడండి. ఇవి జనగణన లెక్కలు.

1951లో 9 మంది
1961లో 15 మంది
1971లో 22 మంది
1981లో 30 మంది
1991లో 39 మంది
2001లో 54 మంది
2011లో 65 మంది

ఒక్కో ఏడుకు ఒక్కో చుక్క పెట్టండి. చుక్కలన్నీ కలపండి. గీత పైకి ఎక్కుతుంది. 1991 నుంచి 2001 వరకు బాగా నిటారుగా ఎక్కింది. అవి ఊరూరా అక్షరాస్యత ఉద్యమం నడిచిన రోజులు. బడికి పోయే ఆడపిల్లలు కూడా పెరిగారు.

పాప బరువు

ఒక తల్లి తన చిన్నపాప బరువును నెలనెలా రాసి పెట్టింది అనుకోండి. 9వ నెలలో 8 కిలోలు. 10వ నెలలో 8 కిలోల 200 గ్రాములు. 11వ నెలలో కూడా అంతే. 12వ నెలలో 8 కిలోల 100 గ్రాములు. పెద్దకూతురు ఏడో తరగతి. ఆమె ఈ లెక్కకు నాలుగు కమ్మీలు గీసింది.

"ఇవన్నీ ఒక్క తీరుగనే ఉన్నయి గదా బిడ్డా! పాప పెరిగిందా లేదా ఎట్ల తెలుస్తది?" అని తల్లి అడిగింది.

కూతురు ఆలోచించింది. "అమ్మా, మనం నెలనెలా ఎట్ల మారిందో చూడాలె. దీనికి కమ్మీలు కాదు, గీత కావాలె" అంది.

ఇద్దరూ అంగన్‌వాడీ కార్డు తీశారు. అందులో పచ్చ, పసుపు, నారింజ రంగుల పట్టీలు ఉన్నాయి. నాలుగు చుక్కలు పెట్టి కలిపారు. పాప పచ్చ పట్టీలోనే ఉంది. కానీ పట్టీ పైకి పోతోంది. పాప గీత అడ్డంగా పోయి కిందికి వంగింది.

తల్లి పాపను ఎత్తుకొని అంగన్‌వాడీకి పోయింది. టీచరు కార్డు చూసింది. "మంచి పని చేసినవమ్మా. పచ్చలో ఉందని ఊరుకోవద్దు. గీత ఎటు పోతుందో చూడాలె. పాపకు జ్వరంగాని విరేచనాలుగాని అయినయా?" అని అడిగింది. అయ్యాయి. అప్పటినుంచి పాప సరిగ్గా తినడం లేదు. తల్లిపాలు ఆపవద్దని టీచరు చెప్పింది. బాలామృతం, మెత్తని పప్పన్నం, గుడ్డు కొంచెం కొంచెంగా ఎక్కువసార్లు పెట్టమంది. ఆరోగ్య కేంద్రంలో కూడా చూపించమంది.

కమ్మీల్లో కనబడని ఆపద గీతలో కనబడింది.

బొమ్మ ప్రాణాలు కాపాడింది

ఫ్లారెన్స్ నైటింగేల్ ఇంగ్లాండు దేశపు నర్సు. క్రిమియా యుద్ధంలో సైనికులకు సేవ చేసింది. అక్కడ గాయాల కంటే రోగాలతోనే ఎక్కువమంది చనిపోయారు. ఆసుపత్రుల మురికి వల్ల రోగాలు పెరిగాయి. 1858లో ఆమె ఈ లెక్కను రంగుల బొమ్మగా గీసి అచ్చు వేయించింది. ఉత్త అంకెలైతే పెద్దలు పట్టించుకోరని ఆమెకు తెలుసు. సైనికుల ఆసుపత్రులను శుభ్రంగా ఉంచాలని ఆమె పోరాడింది. ఆ పోరాటానికి ఈ బొమ్మ సాక్ష్యమయింది.

పిల్లలకు నేర్పేటప్పుడు

మీ పిల్లలు గ్రాఫు గీస్తుంటే పక్కన కూర్చోండి. "ఎంత బాగా రంగు వేశావు" అని ఊరుకోకండి. "ఈ బొమ్మ ఏ ప్రశ్నకు జవాబు చెబుతుంది?" అని అడగండి. జవాబు చెప్పలేకపోతే ఇంకో బొమ్మ గీయమనండి. అదే లెక్కను రెండు రకాలుగా గీసి పక్కపక్కన పెట్టమనండి. ఏది బాగా చెబుతుందో వాళ్ళకే తెలుస్తుంది.

ఆలోచించండి, చెప్పండి

1. కమ్మీలు సున్నా నుంచి ఎందుకు మొదలు కావాలి?
2. పాప పచ్చ పట్టీలో ఉన్నా తల్లి అంగన్‌వాడీకి ఎందుకు పోయింది?

చేసి చూడండి

ఏ లెక్కకు ఏ బొమ్మ కావాలో ముందు చెప్పండి. తర్వాత గీయండి.

1. మూడు దుకాణాల్లో కిలో టమాట ధర.
2. మీ పొదుపు సంఘంలో ఆరు నెలలుగా చేరిన డబ్బు.
3. మీ రోజులోని 24 గంటలు. నిద్రకు ఎన్ని? కూలి పనికి ఎన్ని? ఇంటి పనికి ఎన్ని? మీకోసం ఎన్ని?

మూడో బొమ్మను ఇంట్లో అందరికీ చూపించండి. మీ ముక్క ఎంత ఉందో వాళ్ళనే చెప్పమనండి.