కప్పు కంటే కాటా మేలు

చిట్టితల్లీ,

సంక్రాంతికి ఖర్జూరం లడ్డూలు చేస్తానన్నావు, సంతోషం. నేను గ్రాముల్లో చెప్పిన కొలతలను కప్పుల్లోకి మార్చి పంపమన్నావు. పంపుతాను. కానీ ఆ అంకెల్ని ఎంతవరకు నమ్మాలో ముందు తెలుసుకో.

మీ అమ్మమ్మ బియ్యం, పప్పులు సోలతో కొలిచేది. బెల్లం మాత్రం ఎప్పుడూ తూకమే. బియ్యం గింజలు జారి ఒకదాని పక్కన ఒకటి సర్దుకుంటాయి. బెల్లం గడ్డల మధ్య ఎంత ఖాళీ మిగులుతుందో ఎవరూ చెప్పలేరు. ఎండు పండ్లదీ బెల్లం దారే. పైగా అవి ఒకదానికొకటి అంటుకుంటాయి, అదిమితే అణుగుతాయి. కిస్‌మిస్‌ను వదులుగా పోస్తే అమెరికా కప్పుకు 145 గ్రాములు తూగుతుంది. వేళ్లతో అదిమి నింపితే 165. అదే పండు, అదే కప్పు, 20 గ్రాముల తేడా! తరిగిన ఖర్జూరం 147 దగ్గర ఉంటుంది. మెజూల్ లాంటి మెత్తటి రకాన్ని అదిమితే 175 దాకా పోవచ్చు. రెండు బద్దలుగా ఉన్న ఎండు ఆప్రికాట్లు 130, అంజీర 150, క్రాన్‌బెర్రీలు 120. ఇవన్నీ ఉజ్జాయింపులే, వదులుగా పోసి అంచుకు సమంగా గీసినప్పటివి.

ఏ కప్పు అన్నది కూడా చూసుకో. అమెరికా కప్పు సుమారు 240 మిల్లీలీటర్లు. ఆస్ట్రేలియా వాళ్ల వంటల పుస్తకాల్లో 250. మీ ఇంట్లో రైస్ కుక్కర్‌తో వచ్చిన ప్లాస్టిక్ కప్పు 180 మాత్రమే, అంటే ముప్పావు కప్పే. దాంతో కిస్‌మిస్ కొలిస్తే 110 గ్రాములు కూడా రాదు. అది బియ్యానికే ఉంచు.

అన్నిటికంటే ఎక్కువ ఇబ్బంది పెట్టేది ఔన్సు. కప్పు మీద ఉండే 8 ఔన్సులు ద్రవాల కొలత. కిస్‌మిస్ ప్యాకెట్ మీద ఉండే 8 ఔన్సులు తూకం, అంటే 227 గ్రాములు. పేరొకటే గనక ప్యాకెట్ మొత్తం కప్పులో పడుతుందనుకుంటావు. నిజానికి అది కప్పున్నర దాటుతుంది. అందుకే ప్యాకెట్ మీద చిన్న అక్షరాల్లో వేసే గ్రాముల అంకెనే చూడు.

"ఒక కప్పు తరిగిన ఖర్జూరం" అని రాసి ఉంటే తరిగాక కొలవాలి. "ఒక కప్పు ఖర్జూరం, తరిగినది" అంటే ముందు కొలిచి తర్వాత తరగాలి. ఈ రెండూ ఒక తూకం కావు. నానబెట్టాల్సినవి ఉంటే పొడిగా ఉన్నప్పుడే తూచు, నానాక నీళ్ల బరువు కలుస్తుంది. తూచి ఇచ్చిన కొలతలో ఈ అయోమయమే ఉండదు, తరిగినా తరగకపోయినా 100 గ్రాములు 100 గ్రాములే. అందుకే నీ దగ్గర కాటా లేకపోతే వంటింట్లోకి చిన్న డిజిటల్ కాటా ఒకటి కొనుక్కో. ఖాళీ గిన్నె పెట్టి, సున్నా నొక్కి, అందులోనే వరసగా అన్నీ వేసుకోవచ్చు. కడగాల్సిన గిన్నెలూ తగ్గుతాయి.

ఇక లడ్డూలు. గింజ తీసిన ఖర్జూరం ఎంతో, వేయించిన జీడిపప్పు, బాదం కలిపి అంతే తూకం. ఉండను పట్టి ఉంచేది ఖర్జూరం బంకే. అది తగ్గితే లడ్డూ చేతిలోనే విడిపోతుంది, మరీ ఎక్కువైతే పళ్లకు అంటుకుంటుంది. ఖర్జూరం 250 గ్రాములు, పప్పులు 250, అంజీర 50, చెంచాడు నెయ్యి. 25 గ్రాముల చొప్పున చుడితే 22 వస్తాయి. ఖర్జూరం గట్టిగా ఉంటే నేతిలో కాస్త వేడి చేసి మెదుపు, మెజూల్‌కు ఆ పని ఉండదు.

నలభై మంది వస్తారన్నావు కదా, అన్నీ రెట్టింపు చేసుకో. గింజలున్న ఖర్జూరమే దొరికితే 600 గ్రాములు కొను, గింజలు తీసేశాక మళ్లీ తూచి 500 చూసుకో. మిగిలింది పిల్లలకు పెట్టు.

ప్రేమతో,
పెద్దమ్మ