పాడి పాఠం: గేదె ఎదను కనిపెట్టటం, తేదీ వ్రాసుకోవటం

సంఘాల తనిఖీకి వెళ్ళినప్పుడు పాల లెక్కల పుస్తకంలో మేము ముందుగా చూసేది ఒకటున్నది. మొన్నటిదాకా పాలు పోసి, మానేసి నెలలు గడిచినా మళ్ళీ మొదలుపెట్టని సభ్యులు ఎవరు అని. కారణం అడిగితే చాలాచోట్ల ఒకటే జవాబు. "గేదె వట్టిపోయిందండీ, మళ్ళీ చూడి కట్టలేదు. గొడ్డుమోతు అయినట్టుంది, సంతకు తోలేద్దామనుకుంటున్నాం." ఆ గేదె ఎప్పుడు ఈనిందో ఇంట్లో అందరూ చెప్పగలరు. ఈనిన తరువాత ఎన్నిసార్లు ఎదకు వచ్చింది, ఏయే తేదీల్లో వచ్చింది అంటే మాత్రం ఒకరి ముఖం ఒకరు చూసుకుంటారు. నిజంగా గొడ్డుమోతు గేదెలు లేకపోలేదు. కాని ఎద వచ్చి పోతుంటే కనిపెట్టేవారు లేక సంతకు పోతున్న మంచి గేదెలే ఎక్కువ అని మా అభిప్రాయం.

ఒక చిన్న లెక్క వేద్దాము. గేదె చూడి సుమారు 310 రోజులు. 14 నెలలకు ఒక ఈత రావాలంటే మన చేతిలో వున్నవి 425 రోజులు. అందులో 310 తీసివేస్తే మిగిలేది 115. ఈనిన తరువాత గర్భకోశం మామూలు స్థితికి రావటానికి మొదటి 60 రోజులు వదిలిపెట్టాలి. ఇక మిగిలినవి 55 రోజులే. ఎద 21 రోజులకు ఒకసారి వస్తుంది, ఒకటి రెండు రోజులు అటూ ఇటూగా. అంటే మనకు దొరికే అవకాశాలు రెండు, మహా అయితే మూడు. ఒక్క ఎద చూడకుండా పోయిందంటే 21 రోజుల దాణా, మేత, చాకిరీ పాలు లేకుండానే ఖర్చయినట్టు. యీ నష్టం ఏ బిల్లులోనూ కనపడదు గనుక ఎవరూ లెక్కలోకి తీసుకోరు.

ఆవు ఎదకు వస్తే వీధంతా తెలుస్తుంది. అరుస్తుంది, తోటి పశువుల మీదకు ఎక్కుతుంది, ఇతర పశువులు తనమీద ఎక్కితే కదలక నిలబడుతుంది. గేదె అలా కాదు. మీద ఎక్కటం గేదెల్లో తక్కువ. చాలా గేదెలకు మూగ ఎద వస్తుంది, అనగా లోపల ఎద వున్నా పైకి అరుపులు, హడావుడి వుండవు. అదీగాక గేదె ఎద లక్షణాలు ఎక్కువగా రాత్రి పూట, తెల్లవారుజామున కనిపిస్తాయి. మనం నిద్రపోయే వేళ అది. పొద్దెక్కి పనిలో పడ్డాక చూస్తే ఏమీ కనపడదు.

కనుక చూడవలసిన వేళలు రెండు: రాత్రి పడుకోబోయే ముందు ఒకసారి, తెల్లవారుజామున పాలు పితికే ముందు ఒకసారి. ఒక్కొక్కసారి పావుగంట చాలు. మాటిమాటికి కొద్దికొద్దిగా మూత్రం పోస్తున్నదా? మానం ఉబ్బి, ముడుతలు పోయి, లోపల ఎర్రబారి వున్నదా? మేత మీద ధ్యాస తగ్గి తోక ఎత్తి పెడుతున్నదా? కోడిగుడ్డు తెల్లసొనవలె స్వచ్ఛమైన తీగ వేస్తున్నదా? గేదెకు యీ తీగ ఆవుకంత ధారాళంగా వ్రేలాడదు. పడుకున్నప్పుడు నేల మీద పడి వుంటుంది, లేదా తోకకు, తొడల వెనుక అంటుకొని ఎండి వుంటుంది. అందుచేత గేదెను చెరువుకు తోలకముందే వెనుకభాగం చూడాలి. నీళ్ళలో దిగి వచ్చాక వెదికితే ప్రయోజనం లేదు. దున్నపోతు దగ్గరలో వుంటే అది వాసన చూసి వెంటపడటం అన్నిటికన్న నమ్మకమైన గుర్తు.

ఇంకొక గుర్తు పాల కేంద్రం దాకా వస్తుంది. ఎదరోజున గేదె సరిగా చేపదు, పాలు తగ్గుతాయి. పోయే పాలు ఒక పూట అర లీటరు తగ్గేసరికి కొందరు సభ్యులు కార్యదర్శితో కొలత గురించి తగాదాకు దిగుతారు. కొలత సంగతి తప్పక అడగండి, అది మీ హక్కు. అడిగి ఇంటికి వెళ్ళాక గేదె వెనుకకు కూడా ఒకసారి వెళ్ళి చూడండి.

పాస్‌పుస్తకం మగవారి పేరున వున్నా, యీ గుర్తులన్నీ ముందుగా తెలిసేది పాలు పితికే ఇల్లాలికి. "రెండు రోజులనుంచి అదోలా వుంది" అని ఆమె అంటే ఆ మాట కొట్టివేయవద్దు.

ఎద కనిపించాక తొందర కూడదు, ఆలస్యమూ కూడదు. అండం విడుదలయ్యేది ఎద ముగిసిన తరువాత, సుమారు 10 నుంచి 12 గంటలకు. విడుదలైన అండం కొద్ది గంటలే పనికివస్తుంది. వీర్యకణాలు ముందుగానే లోపలికి చేరి సిద్ధంగా వుండాలి. అందుకే ఉదయం ఎద చూస్తే అదే సాయంత్రం, సాయంత్రం చూస్తే మర్నాడు ఉదయం కృత్రిమ గర్భధారణ చేయించాలి. మర్నాటికి కూడా లక్షణాలు తగ్గకపోతే మరొకసారి చేయించటం మేలు. తీగ తెల్లగా చీములాగా వున్నా, దుర్వాసన వేసినా గర్భకోశంలో జబ్బున్నట్టు. అప్పుడు చేయించవలసింది వైద్యం. ఆవులు కలవారు మరొకటి గమనించాలి: తీగలో నెత్తురు చార కనిపించిందంటే ఎద దాటి ఒకటి రెండు రోజులైనట్టే. ఆ తేదీ వ్రాసుకొని వచ్చే ఎదకు కాచుకోవాలి.

వ్రాసుకోవటానికి ప్రత్యేక పుస్తకం అక్కరలేదు, గోడమీది కాలెండరు చాలు. నవంబరు 3న ఎద చూసి చేయించారనుకోండి. ఆ తేదీ చుట్టూ సున్న చుట్టండి. 18వ రోజు నుంచి 24వ రోజు వరకు, అనగా నవంబరు 21 నుంచి 27 దాకా, గీత గీయండి. ఆ వారమంతా రెండు వేళలా శ్రద్ధగా చూడాలి. మళ్ళీ ఎద వస్తే చూడి కట్టలేదన్నమాట, తిరిగి చేయించాలి. మూడుసార్లు చేయించినా తిరగపొర్లుతూ వుంటే నాలుగోసారికి ముందు పశువైద్యునికి చూపించాలి. ఈని మూడు నెలలైనా అసలు ఎదే కనపడకపోతే అప్పుడూ చూపించాలి.

గేదెలు ఎక్కువగా ఎదకు వచ్చేది ఆశ్వయుజం నుంచి మాఘం వరకు. ఎండాకాలంలో ఎద బాగా మరుగున పడిపోతుంది. నీడ, రోజూ చెరువు లేక ఒంటిమీద నీళ్ళు, పచ్చిమేత, దాణాలో ఖనిజలవణ మిశ్రమం వుంటే కొంత నయం.

తిరిగి ఎద రాలేదు గనుక చూడి కట్టిందని ధైర్యంగా కూర్చోవద్దు. మూగ ఎద వచ్చి పోయి వుండవచ్చు. రెండు మూడు నెలల మధ్య చెయ్యి పెట్టించి నిర్ధారణ చేయించాలి. నవంబరు 3న చేయించిన గేదెకు ఫిబ్రవరి మొదటి వారంలోగా యీ పరీక్ష జరగాలి. చూడి అని తేలితే సెప్టెంబరు రెండో వారంలో ఈనుతుంది. దానికి రెండు నెలల ముందు, జులై మొదట్లో, పాలు పితకటం మానివేయాలి. యీ తేదీలు కూడా ఆ కాలెండరు మీదనే వ్రాసి పెట్టుకోండి.