కారుచవక పలక: అన్యాయం ఎవరికి?

టాబ్లెట్‌కి తెలుగు మాట వెతికితే నాకు వెంటనే తట్టేది పలకే. అందుకని ఈ వ్యాసం పొడుగునా పలక అనే రాస్తాను. మా హాస్టల్లో జరిగిన ఒక గొడవ వల్ల ఇది రాయాలనిపించింది. ఆ గొడవలో నా వంతు కూడా ఉంది కాబట్టి ముందు అదే చెప్పేస్తాను.

రిచీ స్ట్రీట్‌లో ఒక దుకాణంలో పాత మోడల్ పలకలు 4,500 రూపాయలకి ఇస్తున్నారని ఒక శనివారం తెలిసింది. కంపెనీ ఆ మోడల్ తయారీ మానేసిందట. నెల కిందటిదాకా అదే పలక 11,000. ఎండలో పరుగెత్తుకెళ్ళి రెండు తెచ్చాను. ఒకటి నాకు. రెండోది ఎవరికి అంటే జవాబు లేదు. అంత చవకలో ఒక్కటే కొని రావడానికి మనసొప్పలేదు, అంతే. సోమవారం మా జూనియర్ వెళ్ళేసరికి సరుకు అయిపోయింది. దిగాలుగా వచ్చి నన్ను అడిగింది. నా రెండోది 5,500కి ఇచ్చాను. పెట్టె విప్పితే లోపల బిల్లు ఉంది. "అక్కా, నీకు 4,500కే వచ్చిందా?" అంది. ఇంకో మాట అనలేదు. ఇదంతా పక్క మంచం మీద కూర్చుని వింటున్న నా క్లాస్‌మేట్ అదే పలకని నెల కిందట 11,000 పోసి కొంది. అసలు కోపం ఆమెది. "నన్ను నిలువునా ముంచారు" అని ఆ దుకాణాన్ని తిట్టిపోసింది.

ఎక్కువ ఇచ్చి ముందు కొన్నామె, ఆలస్యంగా వెళ్ళి దొరకని అమ్మాయి, రెండు కొని ఒకటి లాభానికి అమ్మిన నేను. ముగ్గురిలో ఎవరికి అన్యాయం జరిగింది, ఎవరు చేశారు?

ఇదే గొడవ చాలా పెద్ద ఎత్తున 2011లో అమెరికాలో జరిగింది. హెచ్‌పీ కంపెనీ అంతకుముందు ఏడాది పామ్ అనే సంస్థను సుమారు 120 కోట్ల డాలర్లకు కొని, వాళ్ళ వెబ్ఓఎస్ మీద నడిచే టచ్‌ప్యాడ్ అనే పలకను జులై 1న అమ్మకానికి పెట్టింది. 16 జీబీది దాదాపు 500 డాలర్లు, 32 జీబీది 600. ఐప్యాడ్ ధరే అది. ఐప్యాడ్ ధరకే ఐప్యాడ్ దొరుకుతుంటే ఇంకోటి ఎవరు కొంటారు? ఆగస్టు మొదట్లో 100 డాలర్లు తగ్గించారు. అయినా కదల్లేదు. ఆగస్టు 18న, అంటే అమ్మకం మొదలై ఏడు వారాలు తిరక్కుండానే, ఈ పలకలు ఇక చేయం అని కంపెనీ ప్రకటించింది. ఆ శనివారానికి ధర 99 డాలర్లకు పడిపోయింది, పెద్దది 149కి. ఆ పెద్దదాన్ని విడదీసి చూసిన విశ్లేషకులు, ఒక్కోటి తయారు చేయడానికే 300 డాలర్ల పైన అవుతుందని లెక్క కట్టారు. అంటే అమ్మిన ప్రతి పలక మీదా నష్టమే.

అమ్మబోతే అడవి, కొనబోతే కొరివి అంటారు కదా. శుక్రవారందాకా అడవి. శనివారం తెల్లారేసరికి దుకాణాల ముందు క్యూలు. ఏడు వారాలు కదలని సరుకు రెండు మూడు రోజుల్లో ఊడ్చుకుపోయింది. కొన్ని ఆన్‌లైన్ దుకాణాలు ఉన్నదానికంటే ఎక్కువ ఆర్డర్లు తీసుకుని, తర్వాత సరుకు లేదని రద్దు చేశాయి. పలక దొరికిన కొందరు అదే వారంలో ఈబేలో రెట్టింపు ధరకీ అంతకు పైకీ అమ్ముకున్నారు. గిరాకీ చూసి హెచ్‌పీ ఇంకొక్క విడత తయారు చేస్తానని ఆగస్టు చివర్లో చెప్పింది. మూసేసిన సరుకుని అడిగేవాళ్ళు ఎక్కువయ్యారని మళ్ళీ చేయడం వ్యాపారంలో రోజూ చూసేది కాదు.

ఇప్పుడు ముందు కొన్నవాళ్ళ సంగతి. 2007లో యాపిల్‌కీ ఇదే ఎదురైంది. జూన్ 29న మొదటి ఐఫోన్ వచ్చింది. 8 జీబీది 599 డాలర్లు. 68 రోజులకి, సెప్టెంబరు 5న, దాన్ని 399 చేశారు. 4 జీబీ మోడల్‌ని ఆపేసి, మిగిలినవి 299కి వదిలేశారు. రాత్రంతా క్యూలో నిలబడి కొన్నవాళ్ళు భగ్గుమన్నారు. మర్నాడే స్టీవ్ జాబ్స్ బహిరంగ లేఖ రాసి, వాళ్ళకి యాపిల్ దుకాణంలో వాడుకునేలా 100 డాలర్లు ఇస్తామన్నాడు. తేడా 200 డాలర్లు, ఇచ్చింది 100, అదీ వాళ్ళ దుకాణంలోనే ఖర్చుపెట్టాలి. మన భాషలో చెప్పాలంటే అది నష్టపరిహారం కాదు, కొసరు. కొసరుకి ఉన్న బలం విచిత్రమైనది. లెక్కలో చిన్నదే, కానీ "నిన్ను మర్చిపోలేదు" అని చెప్తుంది. 2011లో నింటెండో కూడా 3డీఎస్ అనే ఆటల యంత్రం ధరని 250 డాలర్ల నుంచి 170కి దించినప్పుడు, ముందు కొన్నవాళ్ళకి 20 ఆటలు ఉచితంగా ఇచ్చింది. అదీ కొసరే.

నా క్లాస్‌మేట్‌తో నేను వాదించింది ఇదే: నువ్వు 11,000 ఇచ్చినప్పుడు ఆ పలక నీకు 11,000 విలువ చేసింది, అందుకే కొన్నావు, నెల రోజులు వాడుకున్నావు, ఎవరూ నీ దగ్గర లాక్కోలేదు. ఆమె ఒప్పుకోలేదు. తర్వాత ఆలోచిస్తే ఆమెదీ సగం నిజమే అనిపించింది. ఆమె కొన్న రోజుకే కంపెనీ ఆపేస్తోందని దుకాణదారుడికి తెలిసి ఉంటే? తెలిసీ చెప్పకపోతే అది మోసమే. తెలియకపోతే ఇద్దరి దురదృష్టం. ధర ఒకటే, తేడా ఒకటే. తెలిసిన సంగతి దాచాడా లేదా అన్నదాని మీదే న్యాయం మారిపోతుంది.

దీనికి మన టి.నగర్‌లోనే మంచి ఉదాహరణ ఉంది. ఆడి తళ్ళుబడి. ఆడి మాసంలో పెళ్ళిళ్ళు ఉండవు కాబట్టి బట్టల దుకాణాలు ధర తగ్గిస్తాయి. మన ఆషాఢం సేల్ లాంటిదే. ఆని మాసంలో పూర్తి ధరకి చీర కొన్న అత్తయ్యలెవరూ ఆడిలో వెళ్ళి దుకాణదారుణ్ణి తిట్టరు. తగ్గుతుందని వాళ్ళకి ముందే తెలుసు. ఆగగలిగినవాళ్ళు ఆగారు, ఆగలేనివాళ్ళు కొన్నారు. చెప్పి తగ్గించేదానికి కోపం రాదు.

ఇంకొక సంగతి కూడా ఉంది. మన భాషలో బేరం అంటే వ్యాపారమూ అదే, ధర తగ్గించమని అడగడమూ అదే. కూరల బండి దగ్గర "ధర్మంగా చెప్పు" అంటాం. అతను "మీ మాటా వద్దు, నా మాటా వద్దు" అని మధ్యలో ఒక ధరకి వస్తాడు. నా పక్కనున్నామె అదే వంకాయలు రెండు రూపాయలు తక్కువకి తీసుకుంటే నాకు కోపం రాదు. ఆమెకి నోరుంది అనుకుంటాను. కానీ ధర చీటీ అంటించిన దుకాణంలో అలా జరిగితే ఒళ్ళు మండుతుంది. ఎందుకంటే అంటించిన ధర అంటే "నీకూ నీ పక్కనామెకీ ఒకటే" అని ఇచ్చిన మాట. నా క్లాస్‌మేట్ కోపం ఆ మాట తప్పినందుకు. బేరం ఆడి కొని ఉంటే ఇంత కోపం వచ్చేది కాదేమో.

జూనియర్ విషయానికొస్తే, డేనియల్ కానెమన్, జాక్ నెట్ష్, రిచర్డ్ థేలర్ అనే ముగ్గురు 1986లో ప్రచురించిన ఒక అధ్యయనం గుర్తుకు వస్తుంది. (వీళ్ళలో కానెమన్‌కి 2002లో, థేలర్‌కి 2017లో ఆర్థికశాస్త్ర నోబెల్ వచ్చింది.) కెనడాలో మామూలు జనానికి ఫోన్ చేసి, ఏది న్యాయం, ఏది కాదు అని అడిగారు. మంచు తుఫాను వచ్చిన మర్నాడు దుకాణదారుడు 15 డాలర్ల పారను 20 చేశాడు, న్యాయమా? నూటికి 82 మంది కాదన్నారు. ఇంకో ప్రశ్న మా గొడవకి మరీ దగ్గర. అందరూ వెతుకుతున్న ఒక బొమ్మ ఒక్కటే గోదాములో దొరికింది, దుకాణం దాన్ని ఎక్కువ పాడినవాళ్ళకి వేలం వేసింది. 74 శాతం అది అన్యాయమన్నారు. ఫుట్‌బాల్ టికెట్లు కొన్నే ఉంటే ఎలా పంచాలి అని అడిగితే 68 శాతం క్యూ అన్నారు, 28 శాతం చీట్లు తీయమన్నారు, వేలం మేలన్నవాళ్ళు 4 శాతం. అర్థశాస్త్రం చదివే నా స్నేహితురాలు దీన్ని ఒప్పుకోదు. ఎక్కువ ఇచ్చేవాళ్ళకే ఎక్కువ అవసరం ఉంటుంది, వేలమే తెలివైన పద్ధతి అంటుంది. ఎక్కువ అవసరం వేరు, ఎక్కువ డబ్బు వేరు అని నేనంటాను. హాస్టల్లో అయితే ఆ తేడా రోజూ కనిపిస్తుంది.

క్యూ మీద అంత నమ్మకం ఎందుకంటే అందులో ఖర్చయ్యేది కాలు నొప్పి, అది అందరికీ ఒకటే. కానీ క్యూలో ముందున్నవాడు ఐదు ఎత్తుకుపోతే, వెనకవాడి కాలు నొప్పి వృథా. అందుకే మనిషికి ఒకటి అన్న నియమం. రిచీ స్ట్రీట్ దుకాణదారుడు ఆ నియమం పెట్టలేదు. పెట్టలేదు కాబట్టి నేను రెండు తీసుకున్నాను. చట్టం ప్రకారం తప్పు లేదు. చట్టం చూసేది ఎక్కువగా అమ్మేవాళ్ళనే. 2022 జూన్‌లో మన కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ ఇచ్చిన మార్గదర్శకాల్లో ఎర ప్రకటనల గురించి ఉంది. చవక ధర చూపించి పిలిచినవాళ్ళ దగ్గర సరిపడా సరుకు ఉండాలి, కొంచెమే ఉంటే ఆ మాట ప్రకటనలోనే చెప్పాలి. రెండోది కొన్న విద్యార్థినుల గురించి అందులో ఏమీ లేదు.

ఒక విషయం ఇంకా చెప్పలేదు. సరుకు ఎందుకు చవకైందో తెలియడం కూడా ధరలో భాగమే. టచ్‌ప్యాడ్ కొన్నవాళ్ళకి కంపెనీ చేతులెత్తేసిందని తెలుసు, పేపర్లన్నీ రాశాయి. తెలిసే కొన్నారు. ఆ అక్టోబరుకే కొందరు ఔత్సాహికులు దాని మీద ఆండ్రాయిడ్ నడిపించి ఇంకొన్నేళ్ళు బతికించారు కూడా. వెబ్ఓఎస్ చేతులు మారి 2013లో ఎల్‌జీకి చేరి ఇప్పుడు టీవీల్లో ఉంది. మా దుకాణదారుడు కూడా ఆ శనివారం నాతో నిజాయితీగానే అన్నాడు: "ఇదుక్కు ఇని అప్‌డేట్ వరాదు మా." ఇక అప్‌డేట్లు రావని. పాఠాల పీడీఎఫ్‌లు చదువుకోవడానికి పర్వాలేదు, బ్యాంకు పనులు పెట్టుకోవద్దన్నాడు. ఆ మాట విని 4,500 ఇచ్చాను. జూనియర్‌కి 5,500కి ఇచ్చినప్పుడు ఆ మాట చెప్పలేదు. నిజంగా మర్చిపోయానా, చెప్తే కొనదని ఊరుకున్నానా అంటే, రెండోదే అని ఇప్పుడు అనిపిస్తోంది. వెయ్యి రూపాయల లాభం కంటే ఇది నన్ను ఎక్కువ కుట్టింది.

తర్వాతి వారం ఆమె గదికి వెళ్ళి అప్‌డేట్ల సంగతి చెప్పాను. వద్దనుకుంటే పలక తిరిగి తీసుకుంటానన్నాను, వెయ్యి చేతిలో పెట్టాను. పలక ఉంచుకుంటానంది. లెక్కపెట్టి 800 తీసుకుని రెండొందలు వెనక్కిచ్చింది. "ఆటోకి అయ్యుంటుంది కదక్కా" అంది. బస్సులో వెళ్ళానని నేను చెప్పేలోపే పుస్తకం తెరిచేసింది. క్లాస్‌మేట్ మాత్రం బిల్లు పట్టుకుని దుకాణానికే వెళ్ళింది. డబ్బు తిరిగి రాలేదు గానీ ఒక కవరూ, స్క్రీన్ గార్డూ ఊరికే ఇచ్చారు. గార్డు కాస్త వంకరగా అతికింది. అయినా తీయలేదు.