మాంసంలోకి దిగిన గోరు మాత్రలకు ఎందుకు లొంగదు?

గొల్లపల్లి ఛత్తీస్‌గఢ్‌లోని సుక్మా జిల్లా, కోంటా బ్లాకులో ఉంది. 2012లో సుక్మా జిల్లా ఏర్పడక ముందు ఇది దంతెవాడలో, అంతకు ముందు ఉమ్మడి బస్తర్‌లో భాగం. ఇక్కడి దోర్లల మాటలో తెలుగు బాగా కలిసి ఉంటుంది. జబ్బు ముదిరితే చాలామంది భద్రాచలం వైపు చూస్తారు. ఇలాంటి అడవి ఊళ్లలో చిన్న బాధ పెద్ద జబ్బుగా ఎలా మారుతుందో చూపడానికి కాలి బొటనవేలి గోరు చాలు.

వానాకాలం మొదలవుతుంది. నాట్ల కోసం రోజంతా బురదలో నిలబడాలి. బడి తెరిచాక నల్ల బూట్లు వేసుకోవాలి. పదమూడు, పద్నాలుగేళ్ల పిల్లవాడికి బొటనవేలి పక్కన కాస్త ఎర్రబడుతుంది, నొక్కితే నొప్పి పుడుతుంది. ఎవరికీ చెప్పడు. వారానికి వేలు ఉబ్బుతుంది. నెలకు చీము వస్తుంది, పక్కనున్న మాంసం గోరు మీదికి పొంగుతుంది. అప్పటికి సంతలో కొన్న మాత్రలు రెండుసార్లు అయిపోయి ఉంటాయి. మాత్రలు వాడినన్నాళ్లు తగ్గినట్టు కనిపిస్తుంది, ఆపగానే మళ్లీ మొదలవుతుంది. మందు పనిచేయలేదనో, పిల్లవాడి ఒంట్లో ఏదో లోపం ఉందనో ఇంట్లో అనుకుంటారు. నిజానికి తప్పు మందుదీ కాదు, ఒంటిదీ కాదు. వేలిలో గుచ్చుకున్న వస్తువు అలాగే ఉండిపోయింది, అంతే.

అడవిలో నడిచేవాళ్లకు ఇది ముల్లుతో పోల్చి చెబితే వెంటనే తెలుస్తుంది. కాలిలో తుమ్మముల్లు విరిగి ఉండిపోతే చీము పడుతుంది. ఆ చీముకు మాత్ర వేసుకుంటే కొంత తగ్గవచ్చు కానీ ముల్లు కరగదు. ఇక్కడ ఆ ముల్లు గోరు అంచే. తేడా ఏమిటంటే ఈ ముల్లు నెలనెలా పెరుగుతూ ఉంటుంది.

గోరు కెరటిన్ అనే గట్టి ప్రోటీన్‌తో తయారైన పలక. దాన్ని తయారుచేసే భాగం వేలి చర్మం కింద, గోరు మొదట్లో ఉంటుంది. దీన్ని గోరు మూలం అనవచ్చు. బయట కనిపించే గోరుకు ప్రాణం లేదు, ప్రాణమంతా ఆ మూలంలోనే. కాలి బొటనవేలి గోరు నెలకు సుమారు ఒకటిన్నర మిల్లీమీటర్లు పెరుగుతుంది. పూర్తిగా ఊడిపోతే మళ్లీ నిండుగా రావడానికి 12 నుంచి 18 నెలలు పడుతుంది. చేతిగోళ్లు దీనికి రెట్టింపు వేగంతో పెరుగుతాయి. గోరుకు రెండు పక్కలా చర్మం మడతలా లేచి గాడి కడుతుంది. గోరు అంచు ఆ గాడిలో జారుతూ ముందుకు రావాలి. అంచు మీద మొన మిగిలినా, పక్క మాంసం ఒత్తిడికి గోరు మీదికి వచ్చినా, జారాల్సిన అంచు గుచ్చుకుంటుంది. చర్మం తెగుతుంది. ఆ సందులోంచి మామూలుగా చర్మం మీద ఉండే స్టాఫిలోకాకస్ వంటి బాక్టీరియా లోపలికి పోతుంది.

తెలుగువాళ్లు దీన్ని కూడా గోరుచుట్టు అనే అంటారు. 'గోరుచుట్టు మీద రోకలి పోటు' అన్న సామెత పుట్టింది ఆ నొప్పి ఎంతటిదో తెలిసినవాళ్ల నోటే. అయితే రెండూ ఒకటి కాదు. గోరుచుట్టు ఎక్కువగా చేతివేళ్లకు వస్తుంది. అక్కడ ముందు క్రిమి చేరి, తర్వాత చీము పడుతుంది. చీము బయటికి పోతే, అవసరమైతే మందు పడితే, కథ ముగుస్తుంది. కాలి గోరు విషయంలో ముందు గుచ్చుకోవడం, తర్వాత క్రిమి. ఈ వరుస తెలియకపోవడం వల్లే వైద్యం తలకిందులవుతుంది.

కుర్రకారుకే ఎందుకు?

యుక్తవయసులో పాదం త్వరగా పెరుగుతుంది. జూన్‌లో సరిపోయిన బూటు జనవరికి బిగుతవుతుంది. చెమట ఎక్కువ, అందువల్ల గోరు, పక్క చర్మం రెండూ మెత్తబడి ఉంటాయి. మెత్తబడిన గోరును బ్లేడుతో మూలలు గుండ్రంగా కోస్తారు, లేదా వేళ్లతో చించేస్తారు. చించినప్పుడు లోపలి మూలలో కంటికి కనపడని చిన్న మొన మిగులుతుంది. చాలా కేసుల్లో అసలు నేరస్థురాలు ఆ మొనే. ఆటలో కాలు తొక్కించుకోవడం, రాతికి ఎదురుదెబ్బ తగలడం, ఇంట్లో పెద్దలకూ గోరు వంపుగా ఉండటం దీనికి తోడవుతాయి. చెప్పులు లేకుండా తిరిగేవాళ్లకు ఇది రాదన్న మాట సగమే నిజం. ఇరుకు బూటు ఒత్తిడి వాళ్లకు ఉండదు కానీ ఎదురుదెబ్బలు, బురద ఉంటాయి. ఒకసారి చర్మం తెగితే, దాన్ని శుభ్రంగా పొడిగా ఉంచుకునే వీలు బూట్లున్నవాళ్ల కంటే వాళ్లకే తక్కువ.

1937లో కార్ల్ హైఫెట్జ్ అనే శస్త్రచికిత్సకుడు ఈ జబ్బును మూడు దశలుగా విడదీశాడు. ఆ విభజన నేటికీ వాడుకలో ఉంది. మొదటి దశలో ఎరుపు, కొద్ది వాపు, నొక్కితే నొప్పి మాత్రమే. రెండో దశలో చీము, రసి. మూడో దశలో గోరు పక్కన ఎర్రగా, తడిగా, ముట్టుకుంటే రక్తం చిమ్మే దుర్మాంసం లేస్తుంది, గోరు గోడ దళసరిగా మారుతుంది. వైద్యం దశను బట్టి మారుతుంది కాబట్టి ఈ లెక్క ఇంట్లోవాళ్లకూ తెలిసి ఉండటం మంచిది.

మొదటి దశలో కత్తి అక్కర్లేదు. కాచి చల్లార్చిన గోరువెచ్చని నీళ్లలో కాస్త ఉప్పు వేసి పాదాన్ని రోజుకు ఒకటి రెండుసార్లు పావుగంట సేపు ఉంచాలి. తర్వాత పూర్తిగా తుడిచి ఆరబెట్టాలి. గోరు మెత్తబడి ఉన్నప్పుడే దాని మూల కిందికి చిన్న దూదిపోచను మెల్లగా తోసి, అంచును మాంసం మీదినుంచి పైకి లేపవచ్చు. ఆ దూదిని రోజూ మార్చాలి. ఇంకో పద్ధతి అంటుకునే వైద్యపు పట్టీతో పక్క మాంసాన్ని గోరు నుంచి దూరంగా లాగి, వేలి కిందుగా ఏటవాలుగా తిప్పి అతికించడం. వేలి చుట్టూ బిగించి కట్టకూడదు, లాగడమే దాని పని. గోరును అంచు దాటి పెరగనివ్వడం అసలు లక్ష్యం కాబట్టి ఇది రెండు మూడు రోజుల్లో తేలే పని కాదు, వారాల ఓపిక కావాలి. నొప్పి తగ్గించడానికి మూలను మళ్లీ లోతుగా కోయాలనిపిస్తుంది. కోస్తే ఆ రోజుకు హాయిగా ఉంటుంది, నెలకు కొత్త మొన మరింత లోతుగా గుచ్చుకుంటుంది.

సున్నం, పసుపు కలిపి పట్టు వేయడం చాలా ఇళ్లలో ఉంది. సున్నం తెగిన చర్మాన్ని కాలుస్తుంది. పేడ, మట్టి తగిలితే ధనుర్వాతం క్రిమి బీజాలు లోపలికి చేరే ప్రమాదం ఉంది. జాతీయ టీకాల పట్టికలో 10, 16 ఏళ్లకు టీడీ టీకా ఉన్నది ఇలాంటి గాయాల కోసం కూడా. బడి మానేసిన పిల్లలు దాన్ని తప్పిపోయే అవకాశం ఎక్కువ.

రెండో దశ ముదిరాక, మూడో దశలో, ఇంటి పద్ధతులతో కాలయాపన చేయడం వృథా. అప్పుడు చేసే చికిత్స చిన్నదే. వేలి మొదట్లో రెండు పక్కలా లిగ్నోకైన్ మత్తు సూది వేస్తారు. నిజంగా నొప్పి పెట్టేది ఈ సూదే, తర్వాతిది తెలియదు. గుచ్చుకున్న వైపు గోరును మూడు నాలుగు మిల్లీమీటర్ల వెడల్పు చీలికగా, మొదటి వరకు కోసి తీస్తారు. మిగతా గోరు అలాగే ఉంటుంది. తర్వాత దూది చుట్టిన పుల్లతో గాఢమైన ఫినాల్‌ను ఆ చీలిక కింద ఉన్న గోరు మూలానికి కొద్ది నిమిషాలు అద్దుతారు. అక్కడి కణాల ప్రోటీన్ గడ్డకట్టి అవి చచ్చిపోతాయి. ఆ పక్క గోరు ఇక పుట్టదు, గోరు కాస్త సన్నగా మాత్రమే కనిపిస్తుంది. రక్తం కారకుండా వేలి మొదట్లో కట్టిన రబ్బరు బంధాన్ని పని కాగానే విప్పాలి. మరిచిపోతే వేలే చచ్చుబడుతుంది, అలా జరిగిన ఉదంతాలు వైద్య పత్రికల్లో ఉన్నాయి.

ఫినాల్‌కు పాత పేరు కార్బాలిక్ ఆమ్లం. 1865 ఆగస్టులో గ్లాస్గోలో జోసెఫ్ లిస్టర్, బండి చక్రం కాలి మీదుగా పోయి ఎముక విరిగిన పదకొండేళ్ల బాలుడి గాయానికి ఈ ద్రవంలో ముంచిన గుడ్డ కట్టాడు. గాయం చీము పట్టకుండా మానింది, క్రిమిరహిత శస్త్రచికిత్సకు అది తొలి అడుగు. గోరు మూలాన్ని ఫినాల్‌తో కాల్చే పద్ధతిని 1945లో ఓటో బోల్ వివరించాడు. ఫినాల్ నరాల కొసలను కూడా మొద్దుబారుస్తుంది కాబట్టి మత్తు దిగాక నొప్పి తక్కువగా ఉండటం దీనిలో మరో లాభం. రెండు మూడు వారాల పాటు నీరులాంటి రసి కారుతుంది. అది కాలిన గాయం స్వభావం, చీము కాదు. ఇక్కడ ఒక హెచ్చరిక అవసరం. నేల కడిగే ఫినైల్ వేరు, ఆసుపత్రిలో వాడే ఫినాల్ వేరు. ఏ ఒక్కటీ ఇంట్లో వేలికి రాయకూడదు.

చాలాచోట్ల ఇప్పటికీ మొత్తం గోరును పీకేస్తున్నారు. చూడటానికి సమస్య మొదలంటా పోయినట్టే ఉంటుంది. మూలం బతికే ఉంది కాబట్టి గోరు మళ్లీ వస్తుంది. అది వచ్చేలోపు ముందు అడ్డులేని మాంసం పైకి లేచి, కొత్త గోరు దారికి గోడలా నిలుస్తుంది. ఒట్టి పీకుడు తర్వాత సగానికి మించిన వాళ్లలో జబ్బు తిరిగి రావడం అధ్యయనాల్లో కనిపించింది. పక్క చీలిక తీసి ఫినాల్ అద్దినవాళ్లలో అది సాధారణంగా నూటికి పది లోపే. 2012లో వెలువడిన కోక్రేన్ సమీక్ష కూడా, జబ్బు తిరగబెట్టకుండా ఉండాలంటే శస్త్రచికిత్స మిగతా పద్ధతుల కంటే మేలనీ, గోరు తీయడానికి ఫినాల్ తోడైతే ఫలితం మెరుగనీ చెప్పింది. మాత్రల సంగతి 2000లో ప్రచురితమైన ఒక అమెరికన్ అధ్యయనం పరీక్షించింది. చీము పట్టిన గోళ్లకు యాంటీబయాటిక్ ఇచ్చి చికిత్స చేసినవాళ్లకు, ఇవ్వకుండా చేసినవాళ్లకు గాయం మానడంలో చెప్పుకోదగ్గ తేడా రాలేదు. గుచ్చుకున్న ముక్క తీసేస్తే శరీరం మిగతా పని తానే చేసుకుంటుంది. ఎరుపు వేలు దాటి పాదం మీదికి పాకినప్పుడు మాత్రం యాంటీబయాటిక్ తప్పనిసరి. అప్పుడు చెప్పినన్ని రోజులూ వాడాలి.

వెంటనే ఆసుపత్రికి చేరాల్సిన గుర్తులు కొన్ని ఉన్నాయి. పాదం మీదుగా ఎర్రటి చార పైకి పోవడం, జ్వరం, గజ్జల్లో బిళ్లలు కట్టడం. నెలల తరబడి చీము ఆగకపోతే ఎక్స్‌రే తీయించాలి, ఎందుకంటే గోరు కింద కొద్ది మిల్లీమీటర్ల లోతులోనే ఎముక ఉంది. పెరిగే పిల్లల్లో ఆ ఎముక ఎదుగుదల పలక గోరు మొదటికి దగ్గరగా ఉంటుంది. ఎదురుదెబ్బకు గోరు మొదట్లో రక్తం వచ్చిందంటే లోపల ఎముక విరిగి, గాయం దానిదాకా తెరుచుకుని ఉండవచ్చు. అది గోరు జబ్బు కాదు, కట్టు కట్టి వదిలేయదగ్గదీ కాదు.

బస్తర్ ప్రాంతంలో ఇంకో రెండు విషయాలు చూడాలి. ఆదివాసీ కుటుంబాల్లో సికిల్ సెల్ రక్తహీనత ఉన్నవాళ్లున్నారు. దాని నిర్మూలనకు 2023 జులై 1న జాతీయ కార్యక్రమం మొదలైంది. ఈ జబ్బు ఉన్న పిల్లలకు ఎముక చీము పట్టే ప్రమాదం మామూలు పిల్లల కంటే ఎక్కువ. పరీక్ష చేయించుకుని కార్డు తీసుకున్నవాళ్లు దాన్ని వైద్యుడికి ముందే చూపాలి. రెండోది నొప్పి లేకపోవడం. ఇంత చీము పట్టిన వేలు ముట్టుకుంటే పిల్లవాడు కేక పెట్టాలి. పెట్టకపోతే సంతోషించకూడదు, స్పర్శ పోయిందేమో చూడాలి. కుష్ఠు ఇంకా కనిపిస్తున్న రాష్ట్రాల్లో ఛత్తీస్‌గఢ్ ఒకటి. దానికి మందు ఉచితం, పూర్తిగా నయమవుతుంది. విపరీతమైన దాహం, మాటిమాటికీ మూత్రం, బరువు తగ్గడం తోడైతే చక్కెర పరీక్ష చేయించాలి.

గొల్లపల్లి లాంటి ఊళ్లలో ఆసుపత్రికి పోవడమంటే ఒక రోజు కూలి, తోడుగా ఇంకొకరి కూలి. తునికాకు సీజన్‌లోనూ మిర్చి కోతలకు వలస పోయినప్పుడూ ఆ రోజు దొరకదు. అందుకే మొదటి దశలో పట్టుకోగలిగే మనిషి ఊళ్లోనే ఉండాలి. ఛత్తీస్‌గఢ్‌లో 2002లో మొదలైన మితానిన్ పథకంలో ఊరి మహిళే ఆరోగ్య కార్యకర్త. తర్వాత దేశమంతటా వచ్చిన ఆశా వ్యవస్థకు అది ముందు నడిచింది. సంతల్లో వైద్యం అందించే పథకాన్ని రాష్ట్ర ప్రభుత్వం 2019 అక్టోబరు 2న ప్రారంభించింది. 2013 నుంచి ఉన్న రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం బృందాలు బడుల్లో 18 ఏళ్ల లోపు పిల్లలను పరీక్షిస్తాయి. ఆ రోజు పిల్లలు బూట్లు విప్పి పాదాలు చూపిస్తే చాలు, అర నిమిషం పని. పిల్లలు హాస్టల్లో ఉండే ఆశ్రమ బడుల్లో, వెదురుతో కట్టిన పోర్టా కేబిన్ బడుల్లో ఇది వార్డెన్ కూడా చేయగలడు. కుంటుతున్న పిల్లవాణ్ని ఆటకు రాలేదని తిట్టేముందు బూటు విప్పించి చూస్తే బాగుంటుంది.

ఇక గోరు కోత. స్నానం తర్వాత గోరు మెత్తబడి ఉన్నప్పుడు గోరుకత్తెరతో అడ్డంగా తిన్నగా కోయాలి. మూలలు చర్మం అంచుకు కొద్దిగా పైన కనిపించాలి, గాడిలోకి దించకూడదు. మూల గరుకుగా ఉంటే ఆకురాయితో నునుపు చేయవచ్చు. బూటు కొనేటప్పుడు పొడుగైన వేలికి ముందు ఒక బొటనవేలి వెడల్పు ఖాళీ చూడాలి. సాయంత్రం పాదం కాస్త ఉబ్బి ఉంటుంది కాబట్టి కొలత అప్పుడు తీసుకుంటే సరిగ్గా వస్తుంది. చికిత్స అయిన వేలికి మొదటి రెండు వారాలు ముందు తెరిచిన చెప్పు వేయాలి, కట్టు రోజూ మార్చాలి, గాయం ఆరేదాకా బురదలో దిగకూడదు.