ఆరేండ్ల బిడ్డకు బండి యేల?

శ్రీరామ

టాంపా, ఫ్లోరిడా

చి. ల. సౌ. అమ్మాయికి పెదనాన్న అనేకాశీర్వాదములు.  

నీ ఉత్తరము చేరినది. జూలై మాసములో పిల్లలిద్దరితో న్యూజెర్సీ నుండి ఓర్లాండోకు వచ్చి, డిస్నీవారి ఉద్యానవనములు చూచుకొని, పిమ్మట మా యింటికి రాదలచితిరని తెలిసి మీ పెద్దమ్మ అప్పుడే గోంగూర పచ్చడికి జాడీ కడిగి యెండబెట్టినది. అయితే ఉత్తరము చివర నీవు చిన్న అక్షరములతో అడిగిన ప్రశ్నయే నాకు పెద్దదిగా దోచినది. ఆరేండ్లు నిండిన చిన్నవానికి స్ట్రోలరు తీసికొని రావలెనా, మానవలెనా యని నీ సందేహము. అంత పిల్లవానిని బండిలో కూర్చుండబెట్టి త్రోసికొని పోయినచో చూచువారు నవ్వుదురనియు, నిరుడు తిరుపతిలో తన చేయి పట్టుకొని అలిపిరి మెట్లన్నియు ఎక్కినవాడు చదునైన నేల మీద నడవలేడా యనియు అల్లుడుగారి వాదము. వచ్చిన చుట్టములను వెంటబెట్టుకొని ఆ ఉద్యానవనములకు పోవుట ఈ ఊరిలో కాపురమున్న తెలుగువారికి తప్పని విధి గనుక, ఏ వేళకు ఏ యీడు పిల్లలు ఎట్లు వాడిపోవుదురో నేను తీరికగా చూచియున్నాను. ఆ చూచినది నీకు వ్రాయుచున్నాను.

మొదట అల్లుడుగారి వాదమునే తీసికొందము. అది కొట్టివేయదగినది కాదు. అలిపిరి దారిలో 3,550 మెట్లున్నవి, నడక తొమ్మిది కిలోమీటర్లకు దగ్గర. అంత చిన్నవాడు అది యెక్కినాడనిన వాని కాళ్ళలో సత్తువ లేదని ఎవరనగలరు? కాని ఆ నడక స్వభావమును కొంచెము విచారింపుము. తెల్లవారుజామున చల్లనివేళ బయలుదేరితిరి. దారిలో చాలమేర పైన కప్పు కలదు. అలసినచోట మెట్టు మీదనే కూలబడి మరమరాలు తిని మరల లేచితిరి. పైకి చేరిన పిదప ఎక్కుట యను పని ముగిసినది. ఓర్లాండోలో ముగియుట యనునది లేదు. అచ్చట పిల్లవానిని అలయజేయునది నడక మాత్రమే కాదు, నిలుచుండుట. ఒక్క నిమిషము కదలి, ఐదు నిమిషములు ఆగి, మరల రెండడుగులు వేసి, గంటసేపు వంకరటింకర వరుసలో నిలువబడి, నాలుగు నిమిషముల వినోదము ననుభవించి, మరల మరియొక వరుసకు పోవుట, ఇట్లు ఉదయము తొమ్మిది మొదలు రాత్రి బాణసంచా వరకు సాగును. పెద్దవారి కాలు పిక్కలు పట్టివేయునట్టి ఆ నిలుపును పసివాడు ఎంతసేపు భరించును? పైగా మీరు రెండడుగులు వేసిన మేర వాడు మూడు వేయవలెను. మీరు సాయంకాలమునకు ఎనిమిది మైళ్ళు నడచితిమని చేతిగడియారము చూచి మురియునప్పటికి వాడు మీ అడుగులలో సగమన్ని అదనముగా వేసియుండును.

ఆ స్థలము యొక్క విస్తీర్ణము గూడ బొమ్మలలో చూచినవారికి అర్థమగునది కాదు. ఇంచుమించు 25,000 ఎకరముల భూమిలో, 1971 మొదలు 1998 వరకు ఒకదాని వెంట ఒకటిగా తెరువబడిన నాలుగు ఉద్యానవనములు దూరదూరముగా నున్నవి. మొదటిదగు మ్యాజిక్ కింగ్‌డమునకు కారులో పోయిన యెడల కారు దిగినచోట ఉద్యానవనము కనబడదు. కారు నిలిపిన మైదానము నుండి టిక్కెట్ల కేంద్రమునకు పోవలెను. అచ్చట సంచులు సోదా చేయించుకొని మోనోరైలు గాని, సరస్సు దాటించు పడవ గాని యెక్కవలెను. దిగి, ద్వారము దాటి, అంగళ్ళ వీథి పొడవునా నడచిన పిదప గాని కోట దగ్గరకు చేరము. రాత్రి ఇదే దారి వెనుకకు నడువవలెను గదా! మరియొక ఉద్యానవనమగు ఎప్‌కాటులో సరస్సు చుట్టును పదకొండు దేశముల మంటపములను కట్టినారు. ఆ ఒక్క ప్రదక్షిణమే మైలుంబావు నడక. (పదకొండింటిలో మన దేశము లేదు, దానిని గూర్చి నాకున్న ఆక్షేపణ మీరు వచ్చినప్పుడు వినిపింతును.)

ఇక వయస్సు మాట. ఎన్నవయేట బండి మానవలెనని నీవు అడిగితివి గాని, ఏడు సంవత్సరము లనియో ఎనిమిది యనియో గీత గీసిన ప్రయోజనము లేదు. డిస్నీవారే టిక్కెట్ల విషయమున మూడు మొదలు తొమ్మిదేండ్ల వరకు బాలురుగా లెక్కింతురు. పదవయేట పెద్దవారి వెల పుచ్చుకొందురు. స్పేస్ మౌంటెన్ అను వినోదము ముందు 44 అంగుళముల కొలత చూపు గుర్తు ఒకటున్నది. మీ చిన్నవాని వంటి వాడొకడు పొద్దున దాని ప్రక్క మడమలెత్తకుండ నిలిచి, తల గుర్తును తాకగా, విశ్వవిజేత వలె లోనికి నడచిపోవుట చూచితిని. ఆ బాలుడే రాత్రి ఎనిమిదింటికి ఐస్‌క్రీము సగము తిని, తక్కినది చొక్కా మీదుగా కార్చుకొనుచు, కాలిబాట అంచున కూర్చుండి, ఇంక ఒక్కడుగు వేయనని యేడ్చుచుండెను. తండ్రి ఎత్తుకొనెను. ఇరువది కిలోల బిడ్డ నిద్రలో ఇరువదియైదు కిలోలుగా తూగునని ఆయన ముఖమును చూచిన తెలియుచుండెను. కాబట్టి నీవు వేసికొనవలసిన ప్రశ్న, వాడు నడవగలడా యని కాదు. రాత్రి తొమ్మిది దాటిన పిదప వానిని ఎవరు మోయుదురని. నడుము నొప్పితో మందుపట్టీ వేసికొని తిరుగు అల్లుడుగారా? చేతిసంచి, నీళ్ళసీసాలు, పెద్దదాని చేయి పట్టుకొనియుండెడి నీవా?

జూలై యెండ సంగతి నీకు న్యూజెర్సీలో తెలియదు. మధ్యాహ్నము ముప్పదిమూడు డిగ్రీలు సామాన్యము. గాలిలో తేమ వలన అది మన బెజవాడ వైశాఖమువలె ఉక్కబోయును. మూడు నాలుగు గంటల వేళకు ఉరుములతో వాన ముంచుకొని వచ్చి, అరగంటలో వెలసి, నేల నుండి ఆవిరి లేచును. అట్టి సమయమున నీడ పట్టున బండి నాపి, గొడుగు దించి, పిల్లవానిని అరగంటసేపు కన్ను మూయనిచ్చినచో, ఆ నిద్ర రాత్రి దీపోత్సవమునకు పెట్టుబడి యగును. ఆరేండ్ల బిడ్డ పగలు నిద్రించుట మానియుండవచ్చును. ఆ ఉద్యానవనములో మరల మొదలుపెట్టును.

నవ్వువారిని గూర్చి. అచ్చట ఎనిమిదేండ్ల పిల్లలను బండిలో చూచి కనుబొమలెత్తు పెద్దలు లేకపోలేదు. మనవారిలో కొంచెమెక్కువ, ఏలయన మన యిండ్లలో మూడేండ్లవాడు బడికి నడచిపోయినాడని గొప్పగా చెప్పుకొనుట అలవాటు. కాని ఆ బండిలోని బిడ్డకు గుండెజబ్బు కలదో, కండరముల బలహీనత కలదో, జనసమ్మర్దమును సహింపలేని స్వభావము కలదో దారిన పోవువానికి ఏమి తెలియును? అట్టి పిల్లల కొఱకు అతిథిసేవా కార్యాలయమువారు బండికి ఒక గుర్తుచీటీ కట్టియిత్తురు. దానితో ఆ బండిని చక్రములకుర్చీగా నెంచి వరుసలలోనికి రానిత్తురు. తక్కిన బండ్లను బయటనే నిలుపవలెను. మన సంకోచము కొఱకు బిడ్డ పాదములు బొబ్బలెక్కుట నాకు సమ్మతము కాదు.

అట్లని, బండి యున్నది గదా యని పొద్దుటినుండియే వానిని అందులో పడవేసి పరుగెత్తు తలిదండ్రుల పద్ధతియు నాకు నచ్చదు. జనసమూహములో బండిలోని బిడ్డకు కనబడునవి పెద్దల మోకాళ్ళు, చేతిసంచులు మాత్రమే. మధ్యాహ్నము వరకు వాడు నడువవలెను, బాతులను తరుమవలెను, అంగడి ముందు మంకుపట్టు పట్టవలెను. అంతవరకు బండి నీళ్ళసీసాలను, వానకోట్లను, పులిహోర డబ్బాను మోయును. మోయుట యనిన క్రింది బుట్టలో సుమా! పిడికి సంచులు తగిలింపకుము. పిల్లవాడు లేచి దిగిన మరుక్షణమున బండి వెల్లకిల పడును. వాడు కూర్చుండనొల్లనన్నచో బలవంతము చేయకుము. సాయంకాలమునకు వాడే అడుగును.

ఏ బండి తేవలెనను మాట మిగిలినది. ఉద్యానవనములో అద్దెకు దొరకు గట్టి ప్లాస్టిక్ బండ్లు కలవు. ఒక బిడ్డ కూర్చుండు దానికి రోజుకు 15 డాలర్ల చొప్పున తీసికొనుట చాలకాలముగా వాడుక. వెల మారుచుండును గనుక ఆనాడు చూచుకొనుము. వాటితో చిక్కేమనిన, అవి ద్వారము దాటి బయటకు రాకూడదు. బిడ్డ నిద్రపోయి, మోత బరువై, పడవ దాటి కారు దాకా పోవలసిన ఆ కడపటి దూరమునకే బండి కావలసి యుండగా, సరిగా అచ్చటనే దానిని అప్పగింపవలెను. అందుచేత సొంత బండియే మేలు, లేదా ఓర్లాండోలో బసకు తెచ్చియిచ్చు అద్దె అంగళ్ళవారి బండి. 2019 మే 1వ తేదీ నుండి 31 అంగుళముల వెడల్పు, 52 అంగుళముల పొడవు మించిన బండ్లను డిస్నీవారు లోనికి రానిచ్చుట లేదు. పిల్లలను కూర్చుండబెట్టి లాగు వాగనులను అసలే నిషేధించినారు. వారి బస్సులలో బండిని మడువవలసి రావచ్చును గనుక ఒక చేతితో మడతపడునది చూచుకొనుము.

గొడుగువలె మడతపడు తేలిక బండిని 1965లో కల్పించిన ఓవెన్ మెక్లారెన్ అను ఆంగ్లేయుడు విమానముల ఇంజనీరు. స్పిట్‌ఫైర్ యుద్ధవిమానముల చక్రముల సరంజామాకు పనిచేసినవాడు. కూతురు మాస్కో నుండి మనుమరాలితో వచ్చి, బరువైన బండితో అవస్థపడుట చూచి, విమానవిద్యను మనుమరాలి సేవకు మళ్ళించినాడట. తాతలు చేయు పనులలో ఇది నాకు అత్యంత ప్రీతికరము. ఆ జాతి బండ్లు తేలిక; అయితే వాటి చక్రములు చిన్నవి, నాలుగింటిలో మరియొకటియగు యానిమల్ కింగ్‌డములో పాతకాలపు బాటలవలె కనబడుటకై కావలెనని గరుకుచేసిన దారులలో గడగడలాడును. అంతకంటె ముఖ్యము బరువు. చాలరకములకు హద్దు 50 పౌనులు. ఆరేండ్ల బిడ్డలలో పలువురు ఇప్పటికే దానికి చేరువలో నుందురు. చట్రము మీద అంటించిన చీటీ చదువకుండ కొనకుము.

మరియొక చిన్న సంగతి. ప్రతి వినోదము వెలుపలను వందల బండ్లు నిలిచియుండును. మీరు లోన నుండగా అచ్చటి పనివారు వాటిని జరిపి వరుసగా సర్దుదురు. విడిచినచోట బండి లేదని గాభరాపడకుము. మీ పెద్దమ్మ పాత వెంకటగిరి చీర జరీ అంచు ముక్కయొకటి మా బండి పిడికి కట్టినది. ఎంత గుంపులోనైనను అది దూరమునకే తెలియును. విలువైన వస్తువేదియు అందులో విడిచిపోకుడు.

పెద్దదానికి తొమ్మిదేండ్లు గనుక బండి అక్కరలేదు. దాని కొఱకు దినమును తగ్గింపుడు. మధ్యాహ్నము బసకు పోయి, ఈతకొలనులో ఆడి, నిద్రించి, సాయంకాలము మరల రండు. ఇట్లు చేయదలచిన దినమున చిన్నవానికి గూడ బండి లేకుండ జరుగవచ్చును. కాలిఫోర్నియాలో 1955లో తెరచిన పాత డిస్నీలాండునకు పోవుచున్నచో నేను ఇంత పట్టుబట్టను. అచ్చటి రెండు ఉద్యానవనముల ద్వారములు ఎదురెదురుగా నున్నవి, నడక తక్కువ. ఓర్లాండోకు, జూలైలో, బాణసంచా వరకు ఉండదలచినవారికి మాత్రము నా తీర్పు ఒక్కటే: చిన్నవానికి బండి తెండు. అల్లుడుగారితో ఇది నా మాటగా చెప్పుము. నవ్వువారుండినచో ఆ నవ్వు నా ఖాతాలో వ్రాయుమనుము.

అటక మీద నున్న మీ పాత బండిని ఈ ఆదివారమే దింపి, చిన్నవానిని అందులో కూర్చుండబెట్టి, వాని పాదములు నేలకు రాయుచున్నవో లేదో చూచి నాకు ఫోను చేయుము. రాయుచున్నచో వేరొకటి ఇచ్చట నేను చూచియుంచెదను.

ఇట్లు
మీ పెదనాన్న