పొద్దుతిరుగుడు పుట్టిల్లు



రాయదుర్గం ఆఫీసులో విత్తనాల డీఎన్‌ఏ డేటా నీ చేతికిచ్చారట, మీ అమ్మ చెప్పింది. సంతోషం. మొన్న ఫోన్లో "పొద్దుతిరుగుడు రష్యా పంటే కదా తాతయ్యా" అన్నావు. నవ్వొచ్చింది గానీ, అలా అనుకోవడంలో వింతేమీ లేదు. మన దేశంలో నూనెపంటగా సాగుకు వచ్చిన మొదటి రకాలు 1969లో సోవియట్ యూనియన్ నుంచి తెప్పించినవే. నేటికీ మనం కొనే ప్యాకెట్లలో ఎక్కువ భాగం విదేశాల నుంచి ఓడల్లో దిగిన నూనె. 2022లో ఉక్రెయిన్‌లో యుద్ధం మొదలైతే ఇక్కడ కూకట్‌పల్లి కిరాణా కొట్లో ధర ఎగిరింది. అయినా రష్యా దానికి మెట్టినిల్లే. పుట్టిల్లు ఉత్తర అమెరికా.

ఆ సంగతి ఎలా తేలిందో తెలుసుకోవడం నీ పనికి అవసరం. టెన్నెసీలో హేస్ అనే చోట తవ్వకాల్లో మాడిపోయిన గింజలు దొరికాయి. వాటి వయసు నాలుగు వేల ఏళ్లకు పైమాటే. మాడిన గింజను చూసి, అది మనిషి పెంచిన మొక్కదా, దానంతట అది మొలిచినదా అని చెప్పేదెలా? పొడవును బట్టి. అడవి గింజ ఐదు మిల్లీమీటర్ల దరిదాపుల్లోనే ఆగిపోతుంది. ఏటా పెద్ద గింజలు ఏరి నాటుతూ పోతే ఆ పొడవు పెరుగుతుంది. అయితే నిప్పులో పడ్డ గింజ కుంచించుకుపోతుంది కదా, ఆ తరుగును లెక్కగట్టి కలిపాకే పోలుస్తారు. కొలిచినదాన్ని కొలిచినట్టే నమ్మేయకపోవడం నాకు బాగా నచ్చిన సంగతి.

2001లో మెక్సికోలోని సాన్ ఆంద్రెస్ దగ్గర కూడా దాదాపు అంత పాత గింజ దొరికిందని కొందరు ప్రకటించారు. అంటే పుట్టిళ్లు రెండా? వాదన ఏళ్ల తరబడి నడిచింది. 2011లో మెక్సికో నాటు రకాల జన్యువులనూ కలిపి పరిశీలిస్తే, అవీ తూర్పు ఉత్తర అమెరికా వంశంలోకే వచ్చాయి. ఒకటీ అరా గింజల ఆకారం కన్నా ఆ సాక్ష్యమే బలమైనదని నా అభిప్రాయం.

అడవి మొక్కను కనీసం ఫోటోలోనైనా చూడు. ఒళ్లంతా కొమ్మలు, కొమ్మకో చిన్న పువ్వు, పండీ పండగానే రాలిపోయే గింజలు. ఉత్తర అమెరికా ఆదివాసులు దాన్ని ఒకే కాండం, ఒకే పెద్ద పువ్వు, కోసేదాకా రాలని గింజలుగా మార్చారు. దాంతోపాటే ఐవా అనే మొక్కనూ సాగులోకి తెచ్చారు గానీ, అది తర్వాత సాగు నుంచి పూర్తిగా కనుమరుగైంది. హోపీ అనే ఆదివాసులైతే నల్లని పొద్దుతిరుగుడు గింజల నుంచి ఊదారంగు తీసేవారు.

పదహారో శతాబ్దంలో స్పెయిన్ చేరినప్పుడు అది తోటల్లో అందానికే. నూనెగింజగా దాని దశ తిరిగింది రష్యాలో. క్రాస్నొదార్‌లో పుస్తొవోయిత్ అనే శాస్త్రవేత్త ఏళ్ల తరబడి ఎంపిక చేస్తూ, గింజలో మూడోవంతు కూడా లేని నూనెను దాదాపు సగానికి తెచ్చాడు.

ఇన్ని మార్చినా ఒక్క పాత గుణం పూర్తిగా పోలేదు. తన పుప్పొడి తనకే పట్టకపోవడం. తేనెటీగలు రాకపోతే పువ్వు నడుమ తాలు గింజలే మిగులుతాయి. అందుకే పూత దశలో పొద్దున్నే, ఎండ ముదరకముందే, మన రైతులు అరచేతికి పల్చటి గుడ్డ చుట్టుకుని ఒక్కో పువ్వునూ మెల్లగా రుద్దుతూ సాళ్ల వెంట నడుస్తారు. ఒక పువ్వు పుప్పొడి ఇంకో పువ్వుకు అంటాలి, అంతే. ఆ రోజుల్లో పురుగుమందు కొట్టేవాణ్ని చూస్తే నాకు ఒళ్లు మండుతుంది.

ఇక హైబ్రిడ్ సంగతి. హైబ్రిడ్ విత్తనం తీయాలంటే తల్లి వరుసలో పుప్పొడి ఉండకూడదు. ఒక్కో పువ్వులో వెయ్యికి పైగా చిట్టి పూలు ఉంటాయి, చేత్తో ఎన్నని తీస్తాం? 1969లో ఫ్రాన్స్‌లో లెక్లెర్క్ అనే ఆయన పెటియోలారిస్ అనే ప్రెయిరీ మైదానాల అడవి జాతిని మామూలు పొద్దుతిరుగుడుతో కలిపితే, పుప్పొడి లేని మొక్కలు వచ్చాయి. మన దేశపు తొలి హైబ్రిడ్ బీఎస్‌హెచ్-1 బెంగళూరు నుంచి 1980లో వచ్చింది, ఆ పద్ధతి మీదే. రాజేంద్రనగర్ నూనెగింజల పరిశోధన సంస్థ ఇచ్చిన డీఆర్‌ఎస్‌హెచ్-1 కూడా హైబ్రిడ్డే. మీ హైటెక్ సిటీ ఆఫీసుల రిసెప్షన్ బల్లల మీద పెట్టే అలంకరణ పువ్వుల్లోనూ చాలావరకు పుప్పొడి లేనివే. బల్లగుడ్డ మీద పసుపు పొడి రాలకూడదని అలా చేస్తారు.

ఇప్పుడు నీ పనికొచ్చే మాట. పెటియోలారిస్ నుంచి వచ్చిన ఆ గుణం కేంద్రకంలో ఉండదు, మైటోకాండ్రియాలో ఉంటుంది. తల్లి నుంచే బిడ్డకు వస్తుంది. కాబట్టి కేంద్రకపు డేటా ఒక్కటే చూస్తే ఆ అడవి అమ్మమ్మ జాడే నీకు కనబడదు. మైటోకాండ్రియా వరుసలు అసహజంగా ఉన్నాయని ఫిల్టర్ పెట్టి తీసేయకు. వాటిని వేరే ఫైల్లో పెట్టి, పెటియోలారిస్ నమూనాతో పోల్చి చూడు. ఆదివారం ఖాళీ అయితే గచ్చిబౌలిలో ఔటర్ రింగ్ రోడ్డు ఎక్కి రాజేంద్రనగర్ రా. ఒక భూతద్దం కూడా తెచ్చుకో. చిట్టి పూలు అంచు నుంచి మధ్యకు ఎలా విచ్చుకుంటూ వస్తాయో చూపిస్తాను.

ఇట్లు,
మీ తాతయ్య